ఇంటి వైద్యుడు

క్రొత్తగా ఒక యూరికి కాపురము వచ్చిన గృహిణి మొదటి వారములోనే పొరుగింటివారిని మూడు సంగతులు అడుగును. నీళ్లు ఎన్నింటికి వచ్చును, పాలు ఎవరు పోయుదురు, పిల్లలకు జ్వరము వచ్చినచో ఎవరి దగ్గరకు తీసికొని పోవుదురు. మొదటి రెంటికి జవాబు వెంటనే దొరకును. మూడవ ప్రశ్నకు మాత్రము పొరుగామె కొంచెము కూర్చుండి, తన చిన్నవానికి ఏ యేట ఏ జబ్బు చేసినదో, ఎక్కడెక్కడ తిరిగిరో, ఎంత డబ్బు పోయినదో అంతయు చెప్పి, చివరకు ఒక పేరు చెప్పును. “ఆయన చెయ్యి మంచిది” అనును. ఆయన ఏమి చదివినాడో ఆమె చెప్పదు. ఈమెయు అడుగదు. ఆ మంచి చేతికి మన పెద్దలు పెట్టిన పేరు హస్తవాసి.

వైద్యచరిత్ర యనగా కళాశాలల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర యని సాధారణముగా తలంతుము. అది వైద్యుల వైపునుండి చూచిన చరిత్ర. ఇంటి గడపనుండి చూచిన చరిత్ర వేరు. మా యింటికి వైద్యుడెవరు అన్న ప్రశ్నకు ఒక్కొక్క తరమువారు ఒక్కొక్క విధముగా జవాబు వెదకుకొన్నారు. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో ఆ వెదకులాట ఎట్లు సాగినదో చెప్పవలెనని మా ఉద్దేశము. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ రెండు జిల్లాలను విభజించిరి. పాత హద్దులలో నేడు ప్రధానముగా ఎనిమిది జిల్లాలు కలవు. గోదావరికి ఈవలి గట్టు, ఆవలి గట్టు అనుకొన్నచో మన ప్రసంగమునకు చాలును.

పూర్వము పల్లెలో వెదకవలసిన పని అంతగా లేకుండెను. కురుపులు కోయుట, పుండ్లు కడిగి కట్టు కట్టుట మంగలి చూచుకొనెడివాడు. అనేక గ్రామములలో ఆ యింటి స్త్రీయే మంత్రసాని. లోపలి జబ్బులకు కషాయములు, లేహ్యములు ఇచ్చెడి వైద్యుడు వంశపారంపర్యముగా వచ్చినవాడు. జగిత్యాల, కోరుట్ల, నిర్మల వంటి ఊళ్లలో నాడి పట్టి చూచెడి హకీములును ఉండిరి. వీరికి రుసుము లెక్క లేదు. పంట ఇంటికి వచ్చినప్పుడు కల్లములో కొలిచి యిచ్చెడి గింజలే యేడాది పొడుగునా చేసిన పనికి ప్రతిఫలము. ఆ వైద్యునకు రోగి యొక్కడే గాక రోగి యిల్లంతయు తెలియును. తాతకు ఉబ్బసమున్నదని, తల్లికి చింతపండు పడదని, ఈ యింటివారు పథ్యము చెప్పినట్లు చేయరని కూడ తెలియును. కాగితము మీద ఒక్క అక్షరము వ్రాయకయే ఆ వివరములన్నియు మూడు తరముల వఱకు నిలిచెడివి.

ఆ కాలమును గూర్చి మురిసిపోవువారు దాని రెండవ వైపు మరచుట కలదు. కలరా తగిలిన యేట హస్తవాసి పని చేయలేదు. మశూచికము వచ్చినచో వైద్యుని పిలుచుటయే లేదు, పోచమ్మకు మ్రొక్కుకొనెడివారు. బొడ్డు కోసిన కత్తి శుభ్రముగా లేక ధనుర్వాతముతో పోయిన పురిటి పిల్లల లెక్క ఎవరును వ్రాసి పెట్టలేదు. ఇంటి వైద్యుడు ఇంటివాడే గాని, ప్రాణము మీదికి వచ్చిన వేళ అతని చేతిలో మందు లేకపోయెను.

ఆదిలాబాదు అడవులలో సంగతి మరియొక విధము. 1940లో కుమురం భీము జోడేఘాటులో మరణించిన పిమ్మట, గోండుల అసంతృప్తికి కారణములేవో తెలిసికొనుటకై నిజాము ప్రభుత్వము హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని నియోగించినది. ఆయన మార్లవాయి గ్రామములో చాలకాలము నివసించి ఆ ప్రజల జీవితమును వివరముగా వ్రాసెను. అక్కడ జబ్బు చేసినచో మొదట పిలిచెడిది భక్తాలును. ఏ దేవత ఆగ్రహించినది, ఏ మ్రొక్కు చెల్లలేదు అని ఆవేశములో చెప్పువాడు అతడు. మందు తరువాతి మాట. ఇక సర్కారు వైద్యుడనగా అడవి దాటి, వాగు దాటి పోవలసిన దూరము. ఆదిలాబాదునకు బదిలీ యన్న చలిజ్వరమునకు భయపడి ఉద్యోగులే జంకెడి కాలము. మలేరియా దోమ ద్వారా వ్యాపించునని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో కనుగొన్నది హైదరాబాదు సంస్థానములోని సికిందరాబాదులోనే గదా. ఆ సంగతి ఊట్నూరు కొండలెక్కుటకు మరి యెన్ని దశాబ్దములు పట్టెనో!

రాజధానిలో వైద్యవిద్య చాల ముందుగనే మొదలైనది. 1846లో రెసిడెన్సీ వైద్యుడు మక్లీన్ ఆధ్వర్యమున హైదరాబాదు వైద్య పాఠశాల ఏర్పడెను. మొదట ఉర్దూలో చెప్పిరి. 1880వ దశకములో ఆంగ్లమునకు మార్చిరి. ఎడ్వర్డ్ లారీ ప్రధానాచార్యుడుగా నున్నపుడు, శస్త్రచికిత్సలో క్లోరోఫారము ఎంత క్షేమమో తేల్చుటకు 1888లోను, 1889లోను రెండు పరిశోధక సంఘములు హైదరాబాదులో పని చేసినవి. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చుటకై ఆరవ నిజాము వేయి పౌనులు ఇచ్చెను. ప్రపంచమంతయు చదివిన ఆ పరిశోధన జరిగిన నాటికి కరీంనగరమింకను జిల్లా కేంద్రము కాదు. ఎలగందులనుండి జిల్లా కేంద్రము అక్కడికి వచ్చినది 1905లో. రాజధాని కీర్తికిని పల్లె గడపకును నడుమ ఆనాడు బండిదారి మాత్రమే యుండెను.

ఆ దారిన వచ్చిన సర్కారీ దవఖాన మన భాషలో నిలిచిపోయినది. కోస్తావారు ఆసుపత్రి యన్నచోట మనము నేటికిని దవఖాన యనుచున్నాము. ఆ పేరు చదువురాని ముసలమ్మ నోటిలోను ఉన్నది, ఇటీవలి ప్రభుత్వ పథకముల పలకల మీదను ఉన్నది. ఆ దవఖానకు వచ్చిన డాక్టరు సాబు మర్యాదస్థుడే కావచ్చును, సమర్థుడే కావచ్చును, కాని నాలుగేండ్లు తిరుగకముందే బదిలీయై పోవును. ఉస్మానియా విశ్వవిద్యాలయములో వైద్యము ఉర్దూలో చదివి వచ్చినవానికి, తెలుగుగాని గోండిగాని తప్ప వేరు మాట రాని తల్లికి నడుమ దుబాసీ ఎవరు? కంపౌండరే. మందు కలిపి యిచ్చినవాడు, పుండునకు కట్టు కట్టినవాడు, డాక్టరు మాటను ఇంటి మాటగా మార్చి చెప్పినవాడు అతడే. డాక్టర్లు వచ్చిరి, పోయిరి. కంపౌండరు ఆ యూరిలోనే ఇల్లు కట్టుకొనెను. సాయంకాలము అతని అరుగు మీద కూర్చుండువారి సంఖ్య పగలు దవఖానలో కూర్చుండినవారికంటె తక్కువ కాదు. తరువాతి కథకు బీజము ఆ అరుగు మీదనే పడినదని మా అభిప్రాయము.

క్రైస్తవ మిషనరీలు వేరొక మార్గము చూపిరి. పొరుగున నిజామాబాదు దాపుననున్న డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు కుష్ఠురోగులకు ఆసుపత్రి నెలకొల్పెను. ఊరినుండి వెలివేయబడినవారికి తిరిగి యొక వైద్యురాలు దొరకుట చిన్న సంగతి కాదు. ఆమె 1932లో మరణించువఱకు ఆ పనిలోనే యుండెను. బదిలీ లేని వైద్యుడనగా ప్రజలకు తొలిసారి అర్థమైనది అటువంటి చోట్లనే.

ఇంగ్లండులో 1911 నాటి బీమా చట్టము వలన కార్మికునకు తన పేరు వ్రాసికొన్న వైద్యుడు ఒకడు ఏర్పడెను. 1948 జూలై 5నుండి ఆ యేర్పాటు ఆ దేశమందలి ప్రతి కుటుంబమునకు వచ్చెను. ఏ వీథిలో నున్నవారైనను ఒక వైద్యుని జాబితాలో పేరు చేర్పించుకొందురు. వెదకులాట అంతటితో సరి. మన ప్రాంతములో దానికి దగ్గరి పోలిక గలది బొగ్గుగనుల సీమ. 1920వ దశకము చివర బెల్లంపల్లి వైపు బొగ్గు త్రవ్వకము మొదలైనది. 1960 ప్రాంతమునుండి గోదావరిఖని పెరిగినది. సింగరేణి కార్మికునకు, అతని భార్యాపిల్లలకు కంపెనీ వైద్యశాల ఉచితము. కాగజనగరు కాగితపు మిల్లు కార్మికులకు బీమా వైద్యశాల ఏర్పడెను. ఈ ప్రాంతములో ఫలానా చోటనే మా వైద్యుడున్నాడు అని చీటీ చూపగలిగినవారు వీరే. ప్రక్క పల్లె రైతునకు ఆ చీటీ లేదు, ఆ రైతు పొలములో కూలిచేసినవానికి అసలే లేదు. బావిలో పని దొరకుట యనగా జీతము దొరకుట మాత్రమే కాదు, పిల్లవానికి డాక్టరు దొరకుట కూడ అని గనుల సీమలో ఇంటింటికి తెలియును.

మిగిలినవారికి ఏమి చేయవలెనో ఆలోచించినది 1946 నాటి భోర్ సంఘము. ఆనాడు బ్రిటిషు ఇండియాలో నమోదైన వైద్యులు సుమారు నలుబది యేడున్నర వేలమంది. అందులో పట్టభద్రులు పదునెనిమిది వేలకు లోపే. మిగిలినవారు తక్కువ కాలములో చదువు ముగించి వచ్చిన లైసెన్షియేటులు. చిన్న పట్టణములలో, సంత ఊళ్లలో బోర్డు కట్టుకొని కూర్చుండినవారిలో ఎక్కువమంది వీరే. ఇకమీదట ఒకే విధమైన పూర్తి చదువు చదివినవారే వైద్యులుగా నుండవలెనని సంఘము నిర్ణయించెను. కొందరు సభ్యులు వలదనిరి. వారి మాట నెగ్గలేదు. ఆ నిర్ణయము శాస్త్రీయముగా న్యాయమే. గ్రామీణునకు సగము చదివిన వైద్యుడు చాలునని చెప్పుటకు ఎవరికిని హక్కు లేదు. కాని పూర్తిగా చదివినవాడు పల్లెకు రాలేదు, కొంచెము చదివి పల్లెకు వచ్చెడివాడు ఇక తయారు కాలేదు. నలుబది వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమని సంఘము వేసిన తొలి లెక్క. 1952 అక్టోబరు 2నుండి సమాజ వికాస పథకముతోపాటు అటువంటి కేంద్రములు దేశములో మొదలైనవి. వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల 1959లో వచ్చెను. ఖాళీ మాత్రము వెంటనే నిండలేదు.

ఆ ఖాళీలోనికి సూది ప్రవేశించినది. ఇందులో ఒక విచిత్రమైన సంగతి కలదు. గోండు, కోయ గూడెములలో పిల్లల కాళ్లకు, ముఖమునకు పుండ్లు పుట్టి, క్రమముగా ఎముకలను కూడ పాడుచేసెడి వ్యాధి యొకటి యుండెను. దానిని గోండి రోగమనియు, కోయ రోగమనియు పిలిచెడివారు. ఒకరి చర్మము ఒకరికి తగులుట వలన వ్యాపించెడి జబ్బు అది. 1950వ దశకములో అంతర్జాతీయ సంస్థల సాయముతో దానిపై దేశములో దండయాత్ర జరిగినది. నిదానముగా పనిచేసెడి పెనిసిలిను ఒక్క సూది వేసినచో నెలల తరబడి మానని పుండ్లు కొద్ది దినములలో ఎండిపోయినవి. మ్రొక్కులకు, పసరులకు లొంగనిది ఒక్క పోటుతో పోయినపుడు ఆ చూచినవారికి సూది మీద కలిగిన నమ్మకము ఎట్టిదో ఊహింపవచ్చును. ఆ వ్యాధి తుది కేసులు మన దేశములో 2003లో కనబడెను. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రకటించెను. వ్యాధి పోయినది, సూది మీది నమ్మకము మిగిలినది. నేటికిని మాత్రలు వ్రాసి పంపిన డాక్టరును గూర్చి “సూది గూడ ఎయ్యలే” అని నిష్ఠూరమాడువారు గలరు.

ఆ సూది పట్టుకొని సైకిలు మీద వచ్చినవాడే ఆర్.ఎం.పి. డాక్టరు. ఆ మూడక్షరములకు చట్టములో నమోదైన వైద్యుడని అర్థము. మన పల్లెలలో సరిగ్గా నమోదు కానివానికే ఆ పేరు స్థిరపడినది! భాష చేసిన ఈ పరిహాసమును మించినది మేము వినలేదు. వీరిలో పలువురు దవఖానలో కంపౌండరులుగానో, పట్టణములో డాక్టరు దగ్గర సహాయకులుగానో పని నేర్చినవారు. 1956 నాటి వైద్యమండలి చట్టము ప్రకారము పట్టికలో పేరు లేనివారు ఆధునిక వైద్యము చేయరాదు. ఒక విధానములో చదివినవాడు మరొక విధానపు మందులిచ్చుట నిర్లక్ష్యమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2019 నాటి చట్టము ఏడాది వఱకు జైలును, ఐదు లక్షల రూపాయల వఱకు జరిమానాను చూపుచున్నది. మరియొక వైపు, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే వీరికి ప్రథమ చికిత్సలో శిక్షణ యిచ్చుటకు 2008-09 ప్రాంతములో పూనుకొని నడుమ విడిచెను. తప్పని చట్టము, తప్పదని పాలకులు.

గ్రామసీమల కార్యక్రమములకై తిరుగునపుడు మీ యింటి వైద్యుడెవరని మేము అడుగుట కలదు. చెప్పెడి పేరు చాలసార్లు ఈయనదే. ఎందుకనగా చెప్పెడి కారణములలో మందు మాట చివర వచ్చును. రాత్రి పిలిచినను వచ్చును. డబ్బు పత్తి అమ్మినాక ఇచ్చినను సరే యనును. మా యాస మాటలాడును. మా నాయన పోయిననాడు వచ్చి కూర్చుండెను. పూర్వపు వైద్యుని గుణములన్నియు ఇందులో గలవు. పూర్వపు వైద్యుని లోపమును గలదు, దానికి తోడు క్రొత్త ప్రమాదము చేరినది. పూర్వపు కషాయము పనిచేయకున్న పనిచేయలేదు, అంతే. నేటి స్టెరాయిడు సూది నొప్పిని ఆ పూటకు మాయము చేసి, లోపల చక్కెరను పెంచి, ఎముకను గుల్ల చేయును. జ్వరమెందుకు వచ్చినదో చూడక ఇచ్చిన ఆంటీబయాటికు రేపు నిజముగా అవసరమైనపుడు పనిచేయదు. ఆదరణ చూపినంత మాత్రమున సూది పట్టుటకు అర్హత రాదు. ఈ మాట కఠినముగా తోచినను చెప్పక తప్పదు. అతడు తలుపు తట్టగానే వచ్చెననుట చదివినవారికి నింద గాని, చదువనివానికి యోగ్యతాపత్రము కాదు.

తరువాత పట్టణములలో ప్రైవేటు ఆసుపత్రులు లేచినవి. పల్లెలోని ఆర్.ఎం.పి. రోగిని వెంటబెట్టుకొని పట్టణమునకు తెచ్చెడి మధ్యవర్తియై, కొన్నిచోట్ల దానికి ముడుపు కూడ పుచ్చుకొనెననుట అందరెరిగిన రహస్యము. ఇంటివాడని నమ్మినవాడే బేరగాడైనచో ఇంటివారికి దిక్కేది? 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు వచ్చెను. రాత్రివేళ కాన్పు నొప్పులు వచ్చినచో ఎడ్లబండి కట్టవలసిన అగత్యము అనేక గ్రామములలో తొలగెను. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యెను. గుండెకు శస్త్రచికిత్స పేదవానికి అందుట గొప్ప సంగతి. కాని ఆ పథకము పెద్ద చికిత్సకు పెట్టినది. వారము రోజుల దగ్గు, తగ్గని కడుపునొప్పి, పెరుగుచున్న రక్తపుపోటు దాని పట్టికలో లేవు. ఆ చిన్న జబ్బుల దగ్గర కనిపెట్టియుండవలసినవాడే ఇంటి వైద్యుడు.

అట్టివాడు లేనందువలన కలిగెడి నష్టమునకు కాన్పుల లెక్క చూడవచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో నూటికి 60.7 కాన్పులు కోతతో జరిగినవి. కరీంనగరము జిల్లా రాష్ట్ర సగటును కూడ దాటియుండెను. అందులో ప్రాణము కాపాడిన కోతలు గలవు. ముహూర్తము కొఱకు చేయించుకొన్నవి, నొప్పికి జంకి అడిగి చేయించుకొన్నవి కూడ గలవు. మొదటినుండి ఆ గర్భిణిని చూచుచు, తల్లికిని అత్తకును సర్దిచెప్పి, “తొందర లేదమ్మా, ఆగుదము” అని చెప్పగల మనిషి ఆ యింటికి ఒకడున్నచో ఈ సంఖ్య ఇంత యుండెడిదా యని మా సందేహము. ఆగుమని చెప్పినందుకు ఏ ఆసుపత్రియు రుసుము పుచ్చుకొనజాలదు.

నేడు కళాశాలలకు కొదువ లేదు. ఆదిలాబాదులో రిమ్స్ 2008లో వచ్చెను. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండములలోను, 2023లో కరీంనగరము, సిరిసిల్ల, నిర్మల, ఆసిఫాబాదులలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరచిరి. లెక్క చూచినచో పాత రెండు జిల్లాలనుండి ఏర్పడిన ఎనిమిది జిల్లాలలో ప్రతి దానికిని ఒక కళాశాల ఉన్నది. 1905లో ఎవరైన ఈ మాట చెప్పియున్నచో నవ్వెడివారు. ఐనను ఆ కళాశాలల విద్యార్థి నడిగినచో గుండె, ఎముకలు, పిల్లలు, కండ్లు అనును. కుటుంబ వైద్యము అను పట్టము మన దేశములో ఉన్నది గాని, దానిని కోరి చదువువారు బహు తక్కువ. పొరుగున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2023 ఏప్రిలులో ఫ్యామిలీ డాక్టరు అను పేరుతోనే పథకమొకటి ప్రారంభించి, వైద్యుని నిర్ణీత దినములలో గ్రామమునకు పంపెను.

కనుక క్రొత్తగా వచ్చిన గృహిణి అడుగవలసిన ప్రశ్న నేటికిని అదియే, కాని మరి కొన్ని కలిపి అడుగవలెను. ఆయన పేరు వైద్యమండలి పట్టికలో ఉన్నదా? ఇచ్చిన మందు పేరు కాగితము మీద వ్రాసి యిచ్చునా? నిరుడు వచ్చిన జబ్బు జ్ఞాపకముంచుకొనునా? సూది అక్కరలేదని ఎన్నడైన చెప్పెనా? తన చేత కానిదానిని ఆలసింపక పెద్ద దవఖానకు పంపునా? ఈ తుది ప్రశ్న ముఖ్యము. హస్తవాసి గల వైద్యుడు చేయి వేయవలసిన వేళయు, తీయవలసిన వేళయు ఎరుగును. పొరుగామె చెప్పిన కథలో ఈ వివరములు ఉండనే యుండును, కొంచెము ఓపికగా వినవలెను. ప్రభుత్వ ప్రాథమిక కేంద్రపు వైద్యుని కూడ ఈ పరీక్షకు పెట్టి చూడుడు. పట్టణపు పెద్ద బోర్డులకంటె ఆయనయే నెగ్గుట మేము ఎరుగుదుము.

జాతీయ వైద్య సంఘము 2022లో ఒక క్రొత్త పద్ధతి పెట్టినది. వైద్య విద్యార్థి మొదటి సంవత్సరమునుండియే ఒక గ్రామములో కొన్ని కుటుంబములను తనవిగా స్వీకరించి, అప్పుడప్పుడు పోయి వారి ఆరోగ్యమును చూచి వ్రాసికొనవలెను. కావున పల్లె ఇంటి ముందు, నులక మంచము మీద కూర్చుండి ముసలమ్మ రక్తపుపోటు చూచెడి పదునెనిమిదేండ్ల పిల్లను నేడు చూడవచ్చును. ఆమెది ఏ జిల్లాయో, ఎవరి బిడ్డయో ముసలమ్మ ముందుగా తెలిసికొనును. తన మోకాలినొప్పి సంగతి ఆ తరువాత చెప్పును. ఆ చిన్నది పుస్తకములో వ్రాసికొని లేచినపుడు “మళ్ల ఎప్పుడొస్తవు బిడ్డా?” అని అడుగును. ఏర్పాటు ప్రకారము ఆ రాకపోకలు మూడవ సంవత్సరము వఱకు.